గుంపులోంచి వచ్చిన మేనమామ

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్ల మీద ఒక పెద్దాయన కళ్ళు తిరిగి కూలబడితే క్షణంలో జనం మూగారు గానీ, ఎవరో ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేసే ఉంటారని ప్రతివాళ్ళూ అనుకోవడంతో చివరికి నేనే చేయాల్సి వచ్చింది. కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, నాకిది వింతేమీ కాదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనని మన తరంవాళ్ళం వింటూ పెరిగిందే. పుస్తకాలు మజ్జిగ బదులు బాధ్యత అంటాయి, అంతే తేడా.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాళ్ళం. ఒక సాయంత్రం అమ్మా నాన్నా నేనూ పంజాగుట్టలో బస్సు దిగామో లేదో, నాన్న గుండె పట్టుకుని పడిపోయారు. సరిగ్గా ఆ పాఠమే పరీక్షకు చదువుతున్న నేను, చదివిందంతా మరిచి, "అన్నా, జర ఎవరన్న ఆటో పిలువుండ్రి" అని గుంపు మొత్తాన్ని బతిమాలాను. ఈ ఊళ్ళో అన్న కానివాడెవడు? ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నాన్న పెదవులు నల్లబడుతుంటే ఇక దక్కరనే అనుకున్నాను.

అమ్మది పెళ్ళిళ్ళలో వంటల దగ్గర చేరి, ఎవరినీ ఊరికే నిలబడనీయక, వరస పెట్టి పిలిచి పని పురమాయించే అలవాటు. నడిరోడ్డు మీదా అదే చేసింది. ఒకతని వైపు వేలు చూపించి, "ఓ గళ్ళంగి తమ్మీ, నిన్నే. మీ బావకు పాణం మీదికొచ్చింది, ఆటో తే" అంది. అతను ఉరికాడు. అతనితో పాటు మిగతావాళ్ళూ కదిలారు, నాన్నను మోశారు. నాన్న బతికారు.

బోరబండలో ఉండే ఆ గళ్ళంగి మనిషి మర్నాడు ఆసుపత్రికి వచ్చాడు, తర్వాత రాఖీకి వచ్చాడు, అలా వస్తూనే ఉండి మాకు మామ అయ్యాడు. అమ్మకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆమె పోయిన రోజు, పుట్టింటి చీర కప్పేదెవరని పెద్దవాళ్ళు గుసగుసలాడుతుంటే, ముసలివాడైన మామ సంచిలోంచి చీర తీసి ఆమె మీద కప్పి, అక్కా అని ఏడ్చాడు. నాకూ అప్పుడే ఏడుపొచ్చింది.

గుంపులో మనిషి తనను తాను మరిచిపోతాడని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను, అక్కడ అక్క దొరుకుతుందని ఎన్నడూ చెప్పలేదు. ఆ మామ కూడా పోయాడు. ఇప్పుడు ఆపదలో నంబరు నొక్కితే బండి వస్తుంది, ప్రాణం నిలుస్తుంది, అది చిన్న మేలేమీ కాదు. ఆ వచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ మన గడప తొక్కరు.