కాజాలక్క కుడికన్ను

“మా ఆయన వేసే చుక్క కంట్లో పడదు తల్లీ, చెవిలో పడుతుంది. కళ్లు పోతే పోయాయి, చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. నవ్వకు, నిజమే చెప్తున్నా.”

నవ్వింది ఆవిడే. ఎంత ఉక్కపోసినా ఆ గదిలో ఫ్యాను తిరగదు. గాలి తగిలితే కంట్లో ఇసుక పోసినట్టు ఉంటుందని స్విచ్చి మీద కాగితం అతికించి పెట్టారు. కిటికీకి పాత దుప్పటి వేలాడుతోంది. మంచం పక్కన రేకుడబ్బాలో రంగురంగుల దారపుండలు, సూదులు గుచ్చిన చిన్న దిండు ఉన్నాయి. ఆ సూదులకు తుప్పు పట్టింది.

నేను పై వాటాలో అద్దెకుంటాను. ఆవిడ అసలు పేరు నాకే కాదు, ఈ వీధిలో చాలామందికి తెలియదు. దర్జీలందరూ చొక్కాలు తెచ్చి ఈవిడ చేత కాజాలు కుట్టించుకునేవారు కాబట్టి కాజాలక్క అయిపోయింది. తను కుట్టిన కాజాలోకి బొత్తాం అత్తారింట్లోకి కొత్తల్లుడిలా దర్జాగా వెళ్లేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ముందు కీళ్లు పట్టేశాయట. వేళ్లు కోడికాళ్లలా వంకర తిరిగాయి. ఆ తర్వాత నోరు ఎండింది, కళ్లు ఎండాయి. ఒంటిని కాపాడాల్సిన కణాలే నీరూరే గ్రంథుల మీద పడి పాడుచేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. ఆవిడ దాన్ని తన మాటల్లోకి మార్చుకుంది: కాపలావాడే కొళాయి కట్టేసి పోయాడట. రెప్ప వేసినప్పుడల్లా గరగర. ఏడుద్దామన్నా సరుకు లేదు. గంటకో చుక్క మందు పడాల్సిందే, ఆ వేళ్లతోనేమో సీసా నొక్కలేదు.

చుక్కలు వేసే పని చెల్లెలిది. భర్త పోయాక అక్కాబావల దగ్గరే ఉండేది. ఊరి చివర కోళ్ల ఫ్యాక్టరీలో కత్తి పని. పెద్ద పుంజుల నెత్తిమీద కిరీటంలా ఉండే ఎర్రటి జుట్టు కోసి మంచు తొట్టెలో వెయ్యడం. పనిలోకి వెళ్లే ముందు, మధ్యాహ్నం సెలవులో పరుగెత్తుకొచ్చి, మళ్లీ సాయంత్రం చుక్కలు వేసేది. మధ్యలో బావ వేసేవాడు. ఆయన వేస్తే చెవిలోకే.

ఆ జుట్టునంతా ఒక బండి వచ్చి పట్టుకుపోయేది. ఎందుకో ఎవరూ అడగలేదు. ఒకసారి ఫ్యాక్టరీ మేస్త్రీయే చెప్పాడట, అందులోంచి జారుడుగా ఉండే పదార్థమేదో తీసి కంటి చుక్కల మందులో కలుపుతారని. చెల్లెలు ఆ సాయంత్రం చుక్క వేస్తూ, “ఇన్నాళ్లూ నీ కన్నీళ్లు నా కత్తి కిందనుంచే వెళ్తున్నాయక్కా” అంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో పుంజు కూస్తే డాక్టరుగారు పిలుస్తున్నారని అనుకునేవారు.

తర్వాత బండి రావడం ఆగిపోయింది. ఆ పదార్థాన్ని ఇప్పుడు కోళ్లతో పని లేకుండా తొట్లలో సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తున్నారని మేస్త్రీ అన్నాడు. కోసిన జుట్టంతా చెత్తలోకి పోసాగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కాజాలక్కకు కొత్త సీసా మంట పెట్టింది. మందు మారిందో, జబ్బే ముదిరిందో ఎవరూ తేల్చలేదు. అక్కాచెల్లెళ్లు మాత్రం తేల్చేసుకున్నారు.

ఒక సాయంత్రం చెల్లెలు కొంగులో కట్టి నాలుగు జుట్లు తెచ్చింది. కడిగి, సన్నగా తరిగి, నీళ్లలో నానబెట్టి, గోరువెచ్చగా కాచి, పలచటి బట్టలో వడగట్టింది. తేటగా, వేళ్లమధ్య జారుతూ ఉంది. పాత సీసాను వేడినీళ్లతో కడిగి అందులో పోసింది. వద్దని బావ ఒక్కమాట అన్నాడు. అక్కే మొండికేసింది. ముందు ఎడమకంట్లోనే వేసి చూద్దామన్నది చెల్లెలు.

“హాయిగా ఉందమ్మా. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ రాత్రి రెప్పలు వెన్నలా కదిలాయి. అదే నా కొంప ముంచింది” అంది కాజాలక్క.

మర్నాడూ వేయించుకుంది. ఆ పై రోజుకు కన్ను ఎర్రబడి, వాచి, చీము కారింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి నల్లగుడ్డు మెత్తబడిపోయిందట. కంట్లో ఏం వేశారని డాక్టరమ్మ గట్టిగా అడిగింది. చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. దుమ్ము పడితే నలుపుకున్నానని కాజాలక్కే చెప్పేసింది. కన్ను తీసేశారు.

“ఆ అబద్ధం ఎందుకు చెప్పావు?” అని అడిగాను.

“నిజం చెప్తే దాన్ని నిలబెట్టి కడిగేసేవాళ్లు. నేను చూడలేను కదా” అంది. “చూడలేనన్న మాట కూడా నవ్వులాటే అయిపోయింది చూడు.”

ఆపరేషనైన తర్వాత కుడికంట్లో చుక్క వెయ్యమని నర్సు సీసా చెల్లెలి చేతికే ఇచ్చింది. చెల్లెలు వంగింది. అక్క కుడికన్ను విప్పి, రెప్పైనా కొట్టకుండా పైకి చూస్తూ పడుకుంది. చెల్లెలు చుక్క వేసింది. సీసా మంచం మీద పెట్టింది.

“ఇంకా నా చేతికింద కన్ను ఎలా తెరుస్తావే అక్కా” అంది.

వెళ్లిపోయింది. ఫ్యాక్టరీ దగ్గర ఎవరితోనో కలిసి గది తీసుకుందని విన్నారు. అప్పుడప్పుడూ సాయంత్రం వీధి చివర నిలబడి ఈ కిటికీకేసి చూసి వెనక్కి పోతుంటుంది. నేనూ చూశాను. తెల్ల రబ్బరు బూట్లు, తలకు గుడ్డ.

బావకు ఇప్పుడు పగటి కాపలా ఉద్యోగం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. కిందటివారం డాక్టరమ్మ కుడికంట్లో తెల్లమచ్చ చూసింది. చుక్కలు వేళకు పడకపోతే ఇదీ దక్కదని చెప్పి పంపింది.

నేను వేస్తానని సీసా తీసుకున్నాను. చేతులు కడుక్కుని వచ్చి, నెమ్మదిగా వంగాను. నా వేళ్లు దగ్గరకు రాగానే ఆ రెప్ప బిగుసుకుపోయింది. ఆవిడ తెరవాలనే చూస్తోంది, కనుబొమలు పైకి లేస్తున్నాయి, రెప్ప మాత్రం లేవలేదు. మూడుసార్లు చుక్క చెంప మీదే జారింది.

“నీ తప్పేం లేదులే. ఎవరి చెయ్యి వచ్చినా అంతే. మా ఆయన్ని అనవసరంగా తిడుతుంటా” అంది చెంప తుడుచుకుంటూ. “ఆ పిచ్చిమొహం, నా చెల్లెలి చేతికే తెరుచుకుంటుంది. ఒకదాన్ని పోగొట్టిన చెయ్యి అదేనని ఈ కంటికి తెలీదు. తెలిసినా లెక్కలేదేమో.”

తలగడ కింద తడిమి, మూత తీయని కొత్త సీసా బయటికి లాగింది.

“సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లిరా తల్లీ. అందరూ వెళ్లిపోయాక ఆఖర్న వస్తుంది. క్షమించానని చెప్పకు, పారిపోతుంది. సీసా మూత తీసేవాళ్లు లేరని చెప్పు. మచ్చ సంగతి కూడా చెప్పు, దాచకు. చేతులు కడుక్కుని రమ్మని మాత్రం అనకు, ఆ మాట గుండెలో పెట్టుకుంటుంది. సబ్బు నేనిక్కడ పెట్టాను.”