మారుపేరుతో తొమ్మిది ఉత్తరాలు

హిందూపురంలో నేను టైపు నేర్పేవాణ్ణి. టైపు మిషన్ల పక్కకు ఒక కంప్యూటర్ వచ్చి చేరిన కాలంలో, అందరూ ఉచితంగా వాడుకోగల ఒక సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి మార్చే పని నెత్తికెత్తుకున్నాను. జీతం లేదు, చేయమని అడిగినవాళ్ళూ లేరు. తెర మీద కనిపించే ప్రతి మాటకూ తెలుగు మాట వెతకాలి, వాడేవాళ్ళ ఫిర్యాదులకు జవాబులు రాయాలి. మొదట్లో ఒక ఈమెయిల్ వస్తే ఊరంతా చెప్పుకునేవాణ్ణి. మూడో ఏటికి నెట్ సెంటర్ మెట్లెక్కకుండా కిందే తచ్చాడేవాణ్ణి. "ఆదివారమన్నా ఇంట్లో ఉండు" అని మా ఆవిడ అడగడం కూడా మానేసింది.

అప్పుడు ధర్మవరం నుంచి ఒకాయన, కంప్యూటర్లో చీరల డిజైన్లు గీసేవాడు, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ ఈమెయిల్ గుంపులో నలభైమందీ చదివేలా ఉత్తరం పెట్టాడు. భద్రపరచడానికీ, కనబడకుండా చేయడానికీ నేను 'దాచు' అనే ఒకే మాట వాడానట. వాళ్ళ దగ్గర పనిచేసే ఆవిడ రెండో 'దాచు' నొక్కి, పని భద్రమైందనుకుని కంప్యూటర్ ఆపేసిందట. పొద్దుటి నుంచి కొట్టినదంతా పోయింది. "చూసుకోకుండా చేసే సేవ ఎవరికి కావాల?" అని ముగించాడు.

తప్పు నాదే. ఆ చివరి మాట మాత్రం గుండెలో దిగబడింది. నలభైమందిలో ఒక్కడూ నా తరఫున నోరెత్తలేదు.

"ఇకపై ఈ బాధ్యత మీరే తీసుకోండి" అని ఎంతో మర్యాదగా రాసి, పాస్‌వర్డులతో సహా అప్పగించాను. సంబరంగా తీసుకున్నాడు. వారం తిరక్కముందే కొత్త ఈమెయిల్ తెరిచి, రొద్దంలో బడి అయ్యవారినని చెప్పుకుని అతనికి మొదటి ఫిర్యాదు పంపాను. తప్పులు వెతికే శ్రమ లేదు. నేను దిద్దకుండా వదిలేసినవే కాబట్టి ఎక్కడెక్కడున్నాయో నాకు తెలుసు. ప్రతి ఉత్తరం చివరా ఒక ముల్లు గుచ్చేవాణ్ణి.

మొదటి జవాబు రెండు పేజీలు వచ్చింది, కృతజ్ఞతలతో. నాలుగోదానికి రెండు వాక్యాలు. ఏడోదానికి "చూస్తాను". తొమ్మిదోదానికి జవాబే లేదు. అతను ఏ మెట్టు మీదున్నాడో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించేది. సంతోషపడ్డాను, అబద్ధమెందుకు? అతని పని ఆగిపోయి, సాఫ్ట్‌వేర్ కొత్త విడత తెలుగు లేకుండానే వచ్చింది.

మాట్లాడాలని అతను ఫోన్ చేస్తే ఇద్దరికీ మధ్యలో ఉందని పెనుకొండలో కలిశాం. బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. ఆ తొమ్మిది ఉత్తరాలూ ప్రింటు తీసుకొచ్చాడు. పక్కన పెన్నుతో దిద్దుబాట్లు.

"నా చేత కాదప్పా, ఇది నువ్వే తీసుకో. రొద్దం అయ్యవారొకాయన ఉండాడు. చెప్పేదంతా నిజమే, కానీ చదివినాక చెయ్యి ఆడదు. నీకూ ఇట్లే ఉండిందా?"

"ఉండింది. నీ ఉత్తరం చదివినపుడు."

తల వంచుకున్నాడు. "ఆ చివరి మాట రాయకుండా ఉండాల్సింది."

అక్కడితో ఆగొచ్చు. కానీ ఆ దెబ్బ ఎవరిదో అతనికి తెలియకపోతే నాకు తృప్తి లేదు. "ఆ అయ్యవారు నేనే" అన్నాను.

కాగితాలన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. తర్వాత ఏడో ఉత్తరం బయటికి లాగాడు. "దీన్ని నేనొప్పుకోను. 'ముద్రించు' అంటే మా దగ్గర పనిచేసే ఆయమ్మకు అర్థం కాదు, 'అచ్చు వేయి' అంటేనే తెలుస్తాది." రెండు టీలు చల్లారేదాకా వాదించుకున్నాం. అతనే గెలిచాడు. పని చెరిసగం చేసుకుందామనీ, తప్పు పట్టినవాడు సరైన మాట కూడా రాయాలనీ, అలసినవాడు చెప్పి తప్పుకోవచ్చనీ అనుకుని లేచాం.

మర్నాడు గుంపులో అతని ఈమెయిల్: రొద్దం అయ్యవారు ఎవరో, ఏం చేశారో ఉన్నదున్నట్టు. ఒక్క తిట్టు లేదు. నలభైమందీ చదివారు. "నిజమే" అని మాత్రం రాయగలిగాను.

తర్వాత రెండేళ్ళు కలిసి పనిచేశాం. మాట తప్పలేదు, పని ఆగలేదు. కానీ అతను నన్ను 'అప్పా' అని మళ్ళీ పిలవలేదు. చివరిదాకా 'మీరు' అనే అన్నాడు.