బోరింగు నీళ్లు మంచివే

అమీర్‌పేటకు మెట్రో వచ్చిన మరుసటి ఎండాకాలం నేను పంజాగుట్ట సమీపంలోని ఒక నీటి పరీక్షల ప్రయోగశాలలో ప్రధాన విశ్లేషకుడిగా ఉన్నాను. జూనియర్ విశ్లేషకులు పరీక్ష చేస్తారు, సీనియర్లు సరిచూస్తారు, నివేదిక మీద సంతకం నాది. నీళ్లు తాగవచ్చునా అన్న అభిప్రాయం ఆరోగ్యాధికారి చెప్పాలి. మా పరిధి కొలతల వరకే. ఆ గీత దాటకపోవడాన్ని నేను వృత్తిధర్మంగా భావించేవాణ్ణి.

ఒకనాడు బల్కంపేట నుంచి యాదమ్మ అనే ఆమె కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పట్టుకొని వచ్చింది. మెట్రో మెట్ల కింద సాయంత్రాలు జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుందట. ఆమె గల్లీలోని బోరింగుకు, అంటే చేతిపంపుకు, ఆ నీళ్లు తాగరాదన్న గుర్తుగా రెండేళ్ల క్రితం ఎర్రరంగు పూశారు. నీటిలో కోలిఫాం ఉందని, అంటే మురుగు కలిసిన ఆనవాలు ఉందని తేల్చింది మా ప్రయోగశాలే. ఆ తరవాత పగిలిన డ్రైనేజీ గొట్టం మార్చారు కాని, నీళ్లను మళ్లీ ఎవరూ పరీక్షకు పంపలేదు. దోషం కనబడితే నోటీసు పంపి, పంపుకు రంగు పూయించే పద్ధతి ఉంది. దోషం పోయిందేమో చూసే పద్ధతి లేదు.

ఆ సీసాను తీసుకోలేమని, నమూనాకు వేడిచేసి శుద్ధిపరచిన సీసా వాడాలని చెప్పాను.

"మంచిగ తోమే తెచ్చిన సారూ. నా ఇంట్ల గ్లాసులు సుత ఇంత సాఫ్ ఉండయి" అని నవ్వింది. తరవాత అసలు సంగతి చెప్పింది. "వచ్చే ఆదివారం గల్లోల్లు మీటింగు పెట్టిండ్రు. బోరింగుల కాంక్రీటు పోసి బండ్లు పెట్టుకుంటరట. నల్లా దినం తప్పి దినం వస్తది. పక్క గల్లీకెల్లి బిందెలు మొయ్యనీకి నా మోకాళ్లతోని అయితలేదు. నీళ్లు మంచిగుంటె బోరింగు ఉంచుతరు. జర చూడుండ్రి."

నమూనాలు సేకరించే ఖాజాను పంపాను. అతడు పంపు మూతిని మంటతో కాల్చి, నిలవ నీరు పోయేదాకా కొట్టి, మంచుపెట్టెలో నమూనా తెచ్చాడు. ఒక్క నమూనా నాకు చాలదు. మూడు వేర్వేరు రోజుల్లో తెప్పించాను. ఊదారంగు ద్రావణం ఉన్న గాజు గొట్టాల్లో ఆ నీటిని పోసి, రెండు రోజులు వెచ్చగా ఉంచుతాము. కోలిఫాం ఉంటే రంగు పసుపుకు తిరిగి, లోపల బోర్లించిన చిన్న గొట్టంలో గాలిబుడగ చేరుతుంది. మూడుసార్లూ ఒక్క గొట్టమైనా రంగు మారలేదు. లవణాలు, నైట్రేటు పరిమితిలోనే ఉన్నాయి. ఆ వృత్తిలో అంత శుభ్రమైన ఫలితం మీద సంతకం చేసే సందర్భాలు తరచుగా రావు.

శనివారం నివేదిక చేతికిచ్చినప్పుడు యాదమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు సదువు రాదు సారూ. తాగొచ్చా, వద్దా? గదొక్కటి చెప్పుండ్రి."

ఈ నమూనాల్లో దోషం కనబడలేదని చెప్పాను.

"నమూనా ముచ్చట గాదు, నేనడిగేది బోరింగు ముచ్చట."

మేము చెప్పగలిగేది నమూనా గురించేనన్నాను.

"మంచియే అంటే మీ సొమ్మేం పోతది సారూ? పోనీ, రేపు మీటింగుకు వచ్చి నలుగుట్ల చెప్పుండ్రి." అది ఆరోగ్యాధికారి పని అని, ఆదివారం ఆయన దొరకడని వివరించాను. ఆమె కాగితం మడిచి కొంగులో పెట్టుకొని వెళ్లిపోయింది.

సమావేశంలో జరిగింది సోమవారం ఖాజా చెప్పాడు. అతడి అక్కగారి ఇల్లు ఆ గల్లీలోనే. గల్లీలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి నివేదిక అంతా పైకి చదివింది. చివరి వాక్యం, మా ప్రతి నివేదిక కింద ఉండేదే: "ఈ ఫలితాలు పరీక్షించిన నమూనాలకు మాత్రమే వర్తిస్తాయి." సంఘం పెద్ద నర్సింగ్ అక్కడ ఆపాడట. "అంటే రేపటి నీళ్లకు వాళ్ల జిమ్మేదారి లేదన్నట్టే గదా? అప్పుడు నా కొడుకు గీ నీళ్లకే పచ్చకామెర్లతోని పడ్డడు. మళ్ల నేను తాపను." బిడ్డ ప్రాణం మీదికి వచ్చినవాడి మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. యాదమ్మ మాత్రం "సారు మంచియే అన్నడు" అని రెండుసార్లు అన్నదట. నేను అనలేదు. ఆ వారంలోనే కాంక్రీటు పోశారు.

నేను పాత ఫైలు తీయించి చూశాను. ఎర్రరంగుకు కారణమైన నివేదిక కిందా అదే వాక్యం ఉంది. ఆనాడు ఆ వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. ఒక్క నమూనాతో బోరింగు మొత్తం చెడ్డదని నమ్మినవారికి, మూడు నమూనాలతో అది మంచిదని నమ్మడం సాధ్యం కాలేదు. దీన్ని అజ్ఞానమనలేను. చెడు ఫలితం వెంట మా మనిషి రంగు డబ్బాతో వెళ్లాడు. మంచి ఫలితాన్ని ఒక ముసలమ్మ కొంగులో పంపాము.

వర్షాకాలంలో మెట్రో మెట్ల దగ్గర యాదమ్మ కనబడింది. పొయ్యి పక్కన కొన్న నీళ్ల డబ్బా ఉంది. నేనొక రొట్టె అడిగాను. బోరింగు మాట ఆమే ఎత్తింది: "ఇప్పుడు డబ్బ నీళ్లే సారూ. వీటికైతే ఎవ్వలు కాయిదం అడుగుతలేరు." రొట్టె చేతిలో పెట్టింది.

ఆ చివరి వాక్యం సరైనదే. ఈనాడు అడిగినా దాని కిందే సంతకం చేస్తాను. విరమణ దాకా మిగిలిన కాలంలో, సంతోషకరమైన ఫలితం వచ్చిన ప్రతిచోటికీ ఆరోగ్యాధికారిని వెంటబెట్టుకొని వెళ్లి, అడిగినవారికి అడిగిన మాటల్లోనే జవాబు చెప్పించాను. అప్పుడప్పుడు నమ్మారు. నీటికి చేసే పరీక్ష ప్రయోగశాలలో ముగుస్తుంది. నీళ్లు మంచివన్న కబురుకు పరీక్ష గల్లీలో మొదలవుతుందని, అక్కడ దాని పక్కన ఒకరు నిలబడాలని నేను నేర్చుకున్నాను. బల్కంపేటకు అది అక్కరకు రాలేదు.