మోటెడ్లతో దించిన ఇంజన్

పందొమ్మిది వందల యాభైల్లో నేను సర్కారు వర్క్‌షాపులో మెకానిక్‌ని. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఎక్కడ రోడ్డు రోలరు మొరాయించినా, బుల్డోజరు ఆగినా నన్నే పంపేవారు. నా చెయ్యి పడితే లేవని ఇంజన్ లేదని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. గొప్పలంటే గొప్పలే, కానీ అబద్ధం మాత్రం కాదు.

ఆ ఏడు రోహిణి కార్తెలో పాశమైలారం దాపున ఒక చెరువు కట్టకు గండి పూడుస్తూ మా బుల్డోజరు నిలిచిపోయింది. క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి. అవి మార్చాలంటే ఇంజన్‌ను ఎత్తి పక్కన పెట్టాలి. క్రేను ఆ బండ్లబాటలో రాదు. మృగశిర దగ్గరపడుతోంది. గండి పూడకముందే వాన కొడితే కింది పొలాలన్నీ ఇసుక మేటలే.

గండికి ఎదురుగా ఉన్న మొదటి మడి ఒక అవ్వది. ముందటి వానకాలం వరదకు అది ఇసుకలో కూరుకుపోతే, చలికాలమంతా తట్టలతో ఎత్తిపోసుకుంది. రోజూ వచ్చి మా బండిని చూసి పోయేది. ఆ చూపు నాకు పడేది కాదు.

మూడు దూలాలు నిలబెట్టి, ఇనుప గిరకలు వేలాడదీసి, ఊళ్లోని బండెడ్లను తాడుకు కట్టించాను. ఇంజన్ లేచింది. జనం చప్పట్లు కొట్టారు. పక్కన ఇసుక మీదికి ఎలాగోలా దించాం. ప్లేట్లు మార్చి మళ్లీ ఎత్తడం వరకూ బాగానే ఉంది. దించడం మొదలుపెట్టాక తల ప్రాణం తోకకొచ్చింది. ఇంజన్ దాని చోట కూర్చోవాలంటే ఎడ్లు బరువును పట్టుకుని మెల్లగా వెనక్కి రావాలి. బండెడ్లు వెనక్కి రావు, పక్కకు తిరుగుతాయి. నవ్వేవాళ్ల ముందు జారిపడ్డట్టయింది నా పని. తాడును తుమ్మ మొద్దుకు కట్టేసి, ఇంజన్‌ను గాల్లోనే ఉంచి, బీడీ ముట్టించాను.

అప్పుడు అవ్వ బావి మీద మోట నడుస్తోంది. ఎడ్లు వాలులోకి దిగి నీళ్లు లాగడం, మళ్లీ వెనకడుగులతోనే పైకి ఎక్కడం చూస్తూ బీడీ పారేసి పరుగెత్తాను. ఎడ్లను అడిగితే ఆమె ముందు వెనకాడింది. ఆమెకున్నది ఆ జత ఒక్కటే. చివరికి, తానే తోలుతానని, ఇంకెవరూ వాటిని అదిలించవద్దని చెప్పి తోలుకొచ్చింది.

బుల్డోజరు నడిపే చాచా, నేను చెరో గడ్డపారతో ఇంజన్‌కు అటూ ఇటూ నిలబడ్డాం. అవ్వ సన్నగా మోట పాట ఎత్తుకుంది. పాట సాగితే ఎడ్లు ఒకడుగు వెనక్కి వేశాయి, ఆగితే ఆగాయి. ఇంజన్ బెత్తెడు బెత్తెడుగా దిగుతోంది. ఇంకా జానెడు ఉందనగా కుడి ఎద్దు రేగడిలో కాలు జారి మోకాళ్ల మీద పడింది. బరువు దాన్ని వెనక్కి ఈడుస్తోంది.

"తాడు కొయ్యుండ్రి, ఎద్దు సస్తది" అని అరిచాను. చాచా కొడవలి అందుకున్నాడు.

అవ్వ ఎద్దు మెడను రెండు చేతులా పట్టుకుంది. గొంతు మాత్రం పెంచలేదు.

"కొయ్యకు బిడ్డా. ఇంజన్ పగిల్తే ఇంకోటి వచ్చేదాంక వాన ఆగుతదా? ఈ మడి ఇంకోసారి పోతే ఎత్తిపోసే సత్తువ నాకు లేదు."

మళ్లీ పాట అందుకుంది. ఎద్దు వణుకుతూ లేచింది. రెండూ కలిసి ఒకడుగు, ఇంకో అడుగు వెనక్కి వేశాయి. ఇంజన్ తన చోట కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

తొలి వాన పడేలోపే గండి పూడింది. ఆ వానకాలంలో రోలరు పని మీద అటు పోతూ చెరువు దగ్గర ఆగాను. నీళ్లు కట్టకు నిండుగా ఆనుకుని ఉన్నాయి. నా పనితనాన్ని నేనే చూసుకుని మురిసిపోతూ నిలబడ్డాను. కింద అవ్వ నాటు వేస్తోంది. నన్ను చూసింది కానీ నడుం ఎత్తలేదు.

"ఏంది, గట్ల నిలబడ్డవ్? దిగి నారు అందియ్యి" అంది.

ప్యాంటు మడిచి, బురదలోకి దిగాను.