పైపు మీంచి దిగిన లోవలక్ష్మి

సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వైపు వస్తుంటే, అరటి తోటలకీ రోడ్డుకీ మధ్య ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. ముందు పాత టైర్లు దొంతరగా పేర్చి ఉంటాయి. పైన రేకు బోర్డు మీద ‘అమ్మిరాజు టైర్ వర్క్స్’ అని రాయించారు గానీ, తుప్పు ‘జు’ని తినేసింది. ఇప్పుడు చదివేవాళ్ళకి ‘అమ్మి రా’ అని వినిపిస్తుంది. ఎవరో ఆడపిల్లని పనిలోకి పిలుస్తున్నట్టు.

ఆ షెడ్డుకి వచ్చేవి ఎక్కువగా చేపల లారీలు. భీమవరంలో ఐసు పెట్టెలెత్తుకుని, కలకత్తా దాకా దారి పొడుగునా నీళ్ళు కారుస్తూ పోయేవి. ఆ నీళ్ళు చక్రాల నట్ల మీద పడి పడి, నట్టూ బోల్టూ తుప్పులో కలిసిపోయి ఒక్క ఇనప ముద్ద అయిపోతాయి. అలాంటి నట్టు ఒక మనిషి బలానికి ఊడదు. స్పానరుకి బారెడు ఇనప పైపు తొడగాలి. అమ్మిరాజు స్పానరు మూతి నట్టు మీంచి జారకుండా రెండు చేతులా అదిమి పట్టుకుంటాడు. తల తిప్పకుండానే అంటాడు.

“ఎక్కు!”

లోవలక్ష్మి ఎక్కేది. పెళ్ళైన కొత్తలో ఒకరోజు క్యారేజీ పట్టుకొచ్చి, పైపుకి వేలాడుతున్న మొగుణ్ణి చూసింది. క్యారేజీ కింద పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఎవరూ పిలవకుండానే ఎక్కేసింది. ఒక చేత్తో లారీ తాడు పట్టుకుని, రెండు పాదాలూ పక్కపక్కనే పైపు మీద ఆనించి, శరీరం బరువంతా మెల్లగా కిందకి వదిలింది. నట్టు కీచుమని ఏడ్చి లొంగిపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి క్యారేజీ ఇంటినుంచి రావడం మానేసింది. ఇద్దరూ షెడ్డులోనే వండుకుని తినేవారు.

ఆమెకి అది కొత్త విద్య కాదు. నరసాపురం రేవులో పుట్టింది. నాన్న వల విసురుతుంటే, పడవ ఎటు ఒరిగితే దానికి అవతలి అంచున నిలబడడం చిన్ననాటి పని. నీళ్ళ మీద నేర్చుకున్న ఆ నిలకడ ఇనుము మీద పనికొచ్చింది. లొంగే ముందు పైపు ఒక్క క్షణం, ఒడ్డున పడేసిన చేపలా అదురుతుంది. ఆ అదురు ముందు ఆమె అరికాళ్ళకి తెలిసేది, తర్వాత అమ్మిరాజు చేతులకి.

“వచ్చేస్తోంది మావా, చేతులు తియ్!” అని ఆమె అరిచిన తర్వాతే నట్టు వదిలేది.

లారీ డ్రైవర్లు ఆమెకి ‘పైపు లక్ష్మి’ అని పేరు పెట్టారు. వెక్కిరింపుగానే పెట్టారు, తర్వాత మర్యాదగా మారిపోయింది.

పోయిన శ్రావణంలో వాన పడుతుండగా తడి పాదం జారింది. పైపు తిరగబడింది. లోవలక్ష్మి మోకాలు వెళ్ళి జాకీ అంచుకి తగిలింది. రావులపాలెం డాక్టరుగారు కట్టు కట్టి, ఎక్కడాలూ దూకడాలూ ఇక జన్మలో పెట్టుకోవద్దమ్మా అన్నారు. అక్క చిట్టెమ్మ నరసాపురం నుంచి చూడ్డానికొచ్చి, బొప్పాయి పండుతో పాటు ఒక దారపుండా, లేసు సూదీ తెచ్చింది.

“మొగోళ్ళ పనిలో ఎన్నాళ్ళు దూరతావే? ఇంటిపట్టున కూర్చుని లేసు అల్లుకో. మా వీధిలో అందరం అదే కదా.”

“నా వేళ్ళు చూసేవా అక్కా? ఈ వేళ్ళతో లేసల్లితే దాన్ని వల అనుకుని చేపలు పడతారు.”

చిట్టెమ్మ నవ్వింది. లోవలక్ష్మి నవ్వలేదు. షెడ్డు వెనక వేయించుకున్న మంచం మీద పడుకుని, పని జరిగే వైపు చెవి పెట్టేది. అమ్మిరాజు ఒక్కడే పైపు లాగుతున్న మూలుగు వినిపించేది. ఆ మూలుగు చివర “ఎక్కు” అనబోయి, సగంలో మింగేసిన చప్పుడు కూడా వినిపించేది.

కట్టు విప్పిన రోజు అమ్మిరాజు సంబరంగా చెప్పాడు. “లోవా, రాజమండ్రి వెళ్ళి గన్ను కొనేద్దాం. గాలితో కొట్టే గన్ను. ఎంత తుప్పు పట్టిన నట్టైనా టకటకమని ఊడిపోద్దంట. ఇంక నువ్వు ఎక్కక్కర్లేదు.”

ఆ మాటలో ప్రేమ ఎంతుందో ఆమెకి తెలుసు. కానీ అది చెవిలో పడ్డాక మరోలా వినిపించింది. ఇంక నువ్వు అక్కర్లేదు.

“నేనూ వస్తాను రాజమండ్రి,” అంది.

“మోకాలు...”

“మోకాలు బస్సులో కూర్చుంటుంది. నేను కొట్లో నిలబడతాను.”

*

పనిముట్ల కొట్టు శ్యాంబాబుది. నున్నగా దువ్విన తల, మాటకో ‘అండి’. లోవలక్ష్మికి స్టూలు వేయించి, అమ్మిరాజు వైపు తిరిగిపోయాడు.

“లారీ పనికైతే అమ్మిరాజుగారూ, ఇదండి. అంగుళం గన్ను, సాకెట్ తొడిగే మొన అంగుళం మందమండి. దీని ముందు ఏ నట్టూ నిలబడదండి.”

బల్ల మీదకి వచ్చింది, పొడుగు మూతితో, మొసలి పిల్లలాగా. బల్ల కర్ర మూలిగింది. కొట్టు వెనకాల గదంత కంప్రెషర్ ఉంది. గొట్టం తగిలించి, గోడకి బిగించిన లారీ చక్రం మీద పెట్టి శ్యాంబాబు మనిషి ట్రిగ్గరు నొక్కాడు. అద్దాల బీరువాలు గలగలమన్నాయి. అమ్మిరాజు ముఖం తీర్థంలో రంగులరాట్నం చూసిన పిల్లాడి ముఖమైపోయింది.

“బరువెంతండి?” స్టూలు మీంచి అడిగింది లోవలక్ష్మి.

“బరువుదేముందమ్మా, పట్టుకునేది ఈయన కదండి.”

“ఆయ్. అందుకే అడుగుతున్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చంకలో పిల్లాడిలా మొయ్యాలి కదా. ఎంతండి?”

శ్యాంబాబు చెప్పకుండా నవ్వాడు. ఆమె లేచి, రెండు చేతులా మూతి దగ్గరా పిడి దగ్గరా పట్టుకుని ఎత్తబోయింది. గన్ను బల్ల మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి, మళ్ళీ కూర్చుంది.

“పొట్టకి ఆనించుకుంటే నేను మోస్తాలే లోవా,” అన్నాడు అమ్మిరాజు.

“మన గాలి ట్యాంకు మోస్తుందా? ఈయన కంప్రెషర్ చూడు, మన షెడ్డు పట్టదు. మనది చంటిదాని ఊపిరంత.”

శ్యాంబాబు మొదటిసారి ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. వ్యాపారి అయినా అబద్ధం చెప్పే మనిషి కాదు. “మీది అయిదు హెచ్‌పీ అన్నారు కదండి. నిజం చెప్పాలంటే ఇది ఎక్కువ గాలి తాగుతుందండి. నట్టు నట్టుకీ ఆగి, ట్యాంకు నిండేదాకా కూర్చోవాలి. కూర్చోవడం అలవాటైతే ఇబ్బంది లేదండి.”

“నాకు అలవాటు లేదండి,” అంది లోవలక్ష్మి.

తర్వాత అర అంగుళంది చూపించాడు. పిచికలా తేలిగ్గా ఉంది. కార్లకి సరిపోతుందట. లారీ నట్టు మీద పెడితే పిచిక మర్రిమాను పొడిచినట్టే. అప్పుడు మధ్యది తీశాడు. ముప్పావు అంగుళం. పిడికి రబ్బరు తొడుగు, బొటనవేలికి అందే చోట చిన్న మీట. ఇటు తోస్తే బిగించడం, అటు తోస్తే ఊడదీయడం.

అమ్మిరాజు దాన్ని పట్టించుకోలేదు. చూపు మొసలి మీదే ఉంది. “అదే తీసుకుందాం. ఇంకో ట్యాంకు తర్వాత చూసుకోవచ్చు. అదైతే నేనొక్కణ్ణే అన్నీ...”

“నువ్వొక్కడివే. మరి నేను?”

“నువ్వు సుఖంగా కూర్చోవే. ఇన్నాళ్ళు ఎక్కేవు, చాలదా?”

“కూర్చోబెట్టి పూజ చేస్తావా? రోజూ కొబ్బరికాయ కొడతావా?”

అమ్మిరాజు గొంతు తగ్గించాడు. “ఆ రోజు నువ్వు కింద పడి ఉంటే, వాన నీళ్ళలో నెత్తురు కనపడింది లోవా. ఆ పైపు పట్టుకున్నప్పుడల్లా ఇప్పటికీ అదే గుర్తొస్తోంది.”

ఆమె కోపం ఎక్కడ నిలబడాలో తెలియక కాసేపు అక్కడే తచ్చాడి వెళ్ళిపోయింది. కానీ మనసులోని మాట వెళ్ళలేదు. ఆ మొసలిని కొంటే, దాన్ని ఎత్తలేని తను షెడ్డులో ఏమవుతుంది? నీడలో వేసిన స్టూలవుతుంది. తర్వాత ఇంటి అరుగవుతుంది. చివరికి దారపుండా అవుతుంది.

మధ్యగన్ను చేతిలోకి తీసుకుంది. బరువుంది. నిండు నీళ్ళ బిందె పాటి కూడా లేదు. శ్యాంబాబు మనిషి గొట్టం తగిలించాడు. చక్రం ముందుకెళ్ళి సాకెట్ నట్టుకి ఎక్కించి, కింద చెయ్యి పిడికి, పై చెయ్యి మెడకి ఆనించి, ట్రిగ్గరు నొక్కింది. గన్ను ఒళ్ళంతా కొట్టుకుంది. ఆ దెబ్బల మధ్యలో, ఎక్కడో లోపల, ఒక్క క్షణం సన్నటి అదురు. అరికాళ్ళు ఎరిగిన అదురే. అరచేతుల్లోకి వచ్చి కూర్చుంది.

“వచ్చేస్తోంది మావా!” అంది, కొట్టంతా వినేలా. నట్టు వదిలేసింది.

అమ్మిరాజు ఆమె చేతుల్ని చూడలేదు, పాదాల్ని చూశాడు. చెప్పులు విడిచేసి, గచ్చు మీద రెండు పాదాలూ పక్కపక్కనే ఆనించి, కింద పైపు ఉన్నట్టే నిలబడి ఉంది. ఆమె చేతిలోని గన్ను వైపు వేలు చూపించాడు.

“ఇది కట్టెయ్యండి శ్యాంబాబుగారూ.”

“పెద్దది వద్దాండి?”

“వద్దండి. అదైతే నేనొక్కణ్ణే ఎత్తాలి. పక్కన తిట్టడానికి మనిషి లేకపోతే నాకు పని సాగదండి.”

*

మర్నాడు పొద్దున్నే సురేష్‌బాబు చేపల లారీ వచ్చింది. ఎప్పటిదో పాత బండి. వెనక రెండు వైపులా టైర్లు మార్చాలి. ఐసు నీళ్ళు రోడ్డు మీద గీత గీస్తున్నాయి.

“ఏం పైపు లక్ష్మమ్మా, ఇవాళ ఎక్కట్లేదా?” అన్నాడు సురేష్‌బాబు.

“దిగేను. నువ్వు తొందరపడకు.”

ఆమె ఐసు పెట్టె బోర్లించి, మోకాలికి శ్రమ లేకుండా చక్రం ముందు కూర్చుంది. అమ్మిరాజు మీట ఊడదీసే వైపు తోసి, “ఇది ముట్టుకోకు. నొక్కడమే నీ పని,” అన్నాడు. కుడి వైపు చక్రం నట్లన్నీ ఒక్కొక్కటే లొంగిపోయాయి. సురేష్‌బాబు ఫోనులో వీడియో తీశాడు. అమ్మిరాజు మీసం దువ్వుకున్నాడు.

ఎడమ వైపుకి వచ్చారు. మొదటి నట్టు మీద గన్ను కొట్టింది. కొడుతూనే ఉంది. నట్టు కదల్లేదు. కంప్రెషర్ ముక్కింది. రెండోసారీ అంతే. అదురు రాలేదు. పైగా దెబ్బ దెబ్బకీ ఇనుము ఇంకా గట్టిపడుతున్నట్టు అరచేతులకి తెలుస్తోంది.

“ఐసు కరిగిపోతోంది మావయ్యా,” అన్నాడు సురేష్‌బాబు.

అమ్మిరాజు మూలనున్న పైపు వైపు చూశాడు. “పెద్దదే కొనాల్సింది,” అన్నాడు మెల్లగా.

లోవలక్ష్మికి అక్క తెచ్చిన దారపుండా గుర్తొచ్చింది. గన్ను దించలేదు, మళ్ళీ నొక్కనూ లేదు. కళ్ళు మూసుకుని, ఈ చక్రం ముందు పైపు మీద నిలబడి ఉన్న తనని తలుచుకుంది. ఎటు నిలబడేది? ఇలాంటి పాత లారీకి ఏ పక్క చక్రమైనా ఒకటే లెక్క, ఎప్పుడూ లారీ తోక వైపే ఎక్కడం. కుడి చక్రానికి తోక తన ఎడమ చేతి వైపుండేది. ఈ చక్రానికి తోక కుడి చేతి వైపు. అంటే నట్టు ఊడేది కూడా ఎదురు దిక్కుకే.

“మావా! ఇది ఎదురు మర!”

అమ్మిరాజు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పాత బళ్ళకి ఎడమ చక్రాల బోల్టు మర తిరగబడి ఉంటుందన్నది ఆయనకి తెలియని సంగతి కాదు. పైపుతో ఉన్నన్నాళ్ళూ దాన్ని తలుచుకునే పనే పడలేదు. తోక వైపు ఎక్కితే చాలు, మర తనంతట తనే చూసుకునేది. గన్నుకి తోక లేదు. బొటనవేలంత మీటే ఉంది.

“బిగించేస్తున్నాం లోవా ఇందాకట్నుంచి. బోల్టు విరిగేదే.”

“విరగలేదుగా. ఉండు.”

ముట్టుకోకు అన్న మీటని బొటనవేలితో అవతలికి తోసింది. వట్టి కాళ్ళు రెండూ నేలకి ఆనించింది. అమ్మిరాజు అలవాటుగా చక్రం పక్కన వంగి గన్ను మెడ అదిమి పట్టుకున్నాడు. తల తిప్పలేదు. ఇన్నేళ్ళ మాట, ఇక మింగడం చేతకాక, దానంతటదే వచ్చేసింది.

“ఎక్కు!”

ఆమె నొక్కింది. దెబ్బలు, దెబ్బలు, వాటి లోపల ఒక్క అదురు.

“వచ్చేస్తోంది, చేతులు తియ్!”

నట్టు కీచుమంది. తుప్పు రజను ఎర్రగా రాలి, ఐసు నీళ్ళలో కరిగిపోయింది.

“ఎక్కడానికి ఇప్పుడేముందని అలా అరుస్తాడు?” అన్నాడు సురేష్‌బాబు, అయోమయంగా.

“నువ్వు చేపలు చూసుకోవయ్యా,” అంది లోవలక్ష్మి.

టైర్లు మార్చాక, చివరి బిగింపు మాత్రం గన్నుతో చెయ్యలేదు. స్పానరు పట్టుకుని అమ్మిరాజు చేత్తోనే బిగించాడు. ఆమె ఒక్కో నట్టు మీదా అరచెయ్యి ఆనించి చూసి, సరే అన్నాకే తర్వాతదానికి వెళ్ళాడు. లారీ నీళ్ళ గీత గీసుకుంటూ కదిలిపోయింది. దాని వెనకే ఇంకోటి, కొబ్బరికాయల లోడుది, వచ్చి ఆగింది. తుప్పు తినేసిన బోర్డు కింద అమ్మిరాజు జాకీ పెట్టి, వంగి, తల తిప్పకుండా అన్నాడు.

“ఎక్కు, లోవా.”

ఆమె ముందు డ్రైవర్ని అడిగింది. “పాత బండేనా అయ్యా, కొత్తదా?” ఆయన జవాబు చెప్పేదాకా మీట మీద బొటనవేలు అలాగే ఆగి ఉంది.