సైకిలు పుల్లల మీద కబాబులు

మొన్న ఆత్మకూరు బస్టాండు కాడ కబాబుల పొగ ముక్కుకి తగిలినాది. ఒరేయ్ నా ఈడోళ్లారా, పగిలిన బొక్కెనలో బొగ్గులేసి, సైకిలు పుల్లలకి మాంసం గుచ్చి కాల్చేవాళ్లు, గ్యాపకం ఉండాదా?

మాది ఉదయగిరి. అమ్మ పుట్టిల్లు ఆత్మకూరు. ఒక బక్రీదుకి మా నాయనా, అమ్మ తమ్ముడు మామూ చెరో బొక్కెన పెట్టి కాల్చినారు. ఏ ఊరి కబాబు బాగుండాదో చెప్పమని నన్ను కూర్చోబెట్టినారు. మామూ పచ్చి బొప్పాయి నూరి పట్టించినాడు, ముక్క నోట్లో కరిగిపోయినాది. నాకేమో నోటి దూల.

"ఏంది మామూ, మీ ఊళ్లో చెప్పులు కాల్చి పెడతారా?" అన్నాను.

నాయన పడీపడీ నవ్వినాడు. మామూ మొహం మాడిపోయినాది.

"బాగా నవ్వుకో బావా, మీ గడప ఇంక తొక్కను" అని ఆ పూటే బస్సెక్కినాడు.

మళ్లా రాలేదు. నాయన పంతం పట్టి అమ్మని పుట్టింటికి పంపలా. ప్రతి బక్రీదుకీ అమ్మ ఒక పుల్ల పక్కన పెట్టేది. "వాడొస్తే తింటాడ్రా" అనేది.

ఇప్పుడు ముగ్గురూ లేరు. ఉదయగిరోళ్లు తిడితే తిట్టండిరా, ఆ రోజు మామూ కబాబే బాగుండె. ఈ ముక్క అమ్మకి కూడా చెప్పలేదు నేను.