మిగిలిన బోల్టు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది, రాజపాళయం బస్సులో నా పక్కన ఒక మెకానిక్ కూర్చున్నాడు. అతని అరచేతిలో ఒక బోల్టు.

"మూడు యుద్ధవిమానాల ముక్కలు చేర్చి ఒకటి చేసినాము సార్. సగం సామానే లేదు. గాయాలకు కట్టే సత్రపట్టి గుడ్డనే రెక్కలకు చుట్టినాము. అంతా బిగించినంక ఇది మిగిలింది."

"పడకముందే కట్టు కట్టేసినారా?" అన్నాను.

అతను నవ్వలేదు. "చేసినవాడే మొదట ఎక్కాలని మా యజమాని, ముదలాళి, ఉత్తరువు. రేపు పొద్దున్నే. ఇది ఎక్కడిదో తెలియలే సార్. ఏం చేసేది?"

"పారేయండి. బరువైనా తగ్గుతుంది."

"కాలేజీలో చదివినవారు, మీకు తెలియకుండా ఉంటుందా?" అంటూ నా చేతిలోని ఇంగ్లీషు పుస్తకంకేసి చూసి, బోల్టును కిటికీలోంచి విసిరేసి, స్థిమితంగా కళ్ళు మూసుకున్నాడు.

బస్సు ఆపమని అరిచాను. కండక్టర్ ఆపలేదు.

మర్నాడు నేను తల ఎత్తి ఆకాశం చూడలేదు. ఆ విమానం ఏమైందని ఇంతవరకు ఎవరినీ అడగలేదు.